బంగ్లాలో సోమమ్మ

2 సెప్టెంబరు 1964

ఇవాళ్టి నుంచి నా మెడలో నేనొక్కదాన్నే ఉన్నాను. అబ్బ, ఈ మాట రాసుకుంటుంటేనే ఎంత బాగుందో!

ఆరేళ్ళు మోశాను సోమమ్మను. రూపాయి బిళ్ళంత వెండి రేకు, దాని మీద చేతులు జోడించి నిలబడ్డ ఆడమనిషి బొమ్మ. మొదటి పెళ్ళాం పోతే ఆమె బొమ్మ చేయించి రెండో పెళ్ళాం మెడలో కట్టాలి. మా వాళ్ళలో అది తప్పదు. సవతి బిళ్ళ అంటారు. పండగ పూట పసుపు కుంకుమలు ముందు దానికి, తర్వాత నాకు. కొత్త చీర ముందు దానికి తాకించాలి, తర్వాతే నేను కట్టుకోవాలి. నాకు జ్వరమొస్తే సోమమ్మకు కోపమొచ్చిందంటారు. నాకు కోపమొస్తే మాత్రం ఎవరికీ పట్టదు. పైగా ఎండాకాలం ఆ రేకు అంచు గీరుకుని మెడ కిందంతా దద్దుర్లు.

పొద్దున మా ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టడు. విషయం ఏమిటంటే, ఇంజనీరు దొర బంగ్లాలో జిల్లా పాత వస్తువుల మ్యూజియం తెరుస్తున్నారట. ఎవరి ఊళ్ళలో ఏమున్నా తెచ్చివ్వండని కచేరీలో పెద్ద సారు గుమస్తాలందరికీ చెప్పాడట.

"జర ఆ బిళ్ళ ఇస్తవా?" అన్నాడు, కంచంలోకి చూస్తూ.

"నిజంగనా?" అన్నాను.

"నీకిష్టమైతేనే."

ఇష్టమా! ముడి రాకపోతే కత్తిపీట మీద దారం తెంపి ఆయన ఎడమచేతిలో పెట్టాను. చూడనైనా చూడకుండా జేబులో వేసుకున్నాడు. హెడ్డు గుమస్తా ఉద్యోగం ఖాళీ ఉందని నాకు తెలుసు. పెద్ద సారు కళ్ళలో పడాలని ఆయన ఆరాటం. పడనీ, నాకేం పోయింది!

"మరి సోమమ్మ తల్లికి, మీ అత్తకేం చెప్తవు?" అని మాత్రం అడిగాను.

"బతుకమ్మకు గదా వచ్చేది. అప్పటికి చూద్దాం తియ్యి."

6 సెప్టెంబరు

మ్యూజియం తెరిచారు. ఊరు ఊరంతా అక్కడే. నేనూ మా పిల్లను చంకనేసుకుని పోయాను.

ఆ దొర ఎప్పుడో నిజాం కొలువులో చెరువులు, కాలువలు చూసేవాడట. ఇల్లు కట్టుకోమంటే కోట కట్టుకున్నాడు. ఎత్తు చూస్తే మెడ పట్టేసింది. టేకు మెట్లు ఎక్కుతుంటే ఒకటే కిర్రుకిర్రు. వరండాలో పొలాల్లో దొరికిన వీరుల రాళ్ళు వరసగా నిలబెట్టారు. హాల్లో కత్తులు, రాగి రేకులు, పల్లకీ. ఇవన్నీ జనం అట్లా చూసి ఇట్లా వదిలేశారు. అందరూ ఎగబడింది దొర స్నానాల తొట్టి దగ్గర. అందులో పాత కుండలు పేర్చి పెట్టారు. కుండలెవరు చూస్తారు? "గీంట్ల పండుకోని తానం చేస్తుండెనా?" అని ఒకామె ముక్కున వేలేసుకుంది. నాకూ నవ్వాగలేదు.

మేడ మీద దొరసాని ముస్తాబు గది. గోడకు నిలువుటద్దం, దానికెదురుగా గాజు పెట్టె. పెట్టెలో ఎర్ర మఖ్మల్ గుడ్డ మీద సోమమ్మ. కింద అట్టముక్క మీద ఇట్లా రాశారు: "గ్రామదేవత వెండి ప్రతిమ. సుమారు రెండు వందల ఏండ్ల నాటిది. మోత్కూరు ప్రాంతం."

రెండు వందల ఏండ్లు! సోమమ్మ పోయి ఏడేళ్ళు కాలేదు. బిళ్ళ చేయించింది ఆ తర్వాతే. బయటికొచ్చాక ఆయన్ని గిల్లాను. "ఏందయ్యా, గ్రామదేవత ఎప్పుడైంది?"

"మెల్లగ మాట్లాడు. అట్ల చెప్పకుంటే వాళ్ళు తీసుకోరు."

ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను. సవతికి గుడి కట్టించిన దాన్ని లోకంలో నేనొక్కదాన్నేనేమో.

8 సెప్టెంబరు

మెడ హాయిగా ఉంది. దద్దుర్లు మానిపోతున్నాయి.

13 సెప్టెంబరు

పక్కింటి షరీఫున్నీసా బంగ్లా చూడలేదంటే తీసుకుపోయాను. ఆమె కోసమే పోయాను. ఆమె తొట్టి దగ్గరే ఉండిపోయింది. నేను ఊరికే మేడెక్కాను.

ఆ గదిలో ఎవరూ లేరు. పెట్టెలోకి వంగి చూశాను. ఆరేళ్ళు నా మెడలో ఉన్నా బొమ్మ ముఖం నేను సరిగ్గా చూసింది లేదు. మెడలో ఉన్నది మనకెట్లా కనిపిస్తుంది? ఎదుటివాళ్ళకు కనిపిస్తుంది. ముక్కు కొంచెం లావు. కళ్ళు పెద్దవి. మనిషి మంచిదే అయ్యుంటుంది.

తల ఎత్తితే ఎదురుగా అద్దంలో నేను. మెడ బోసిగా ఉంది. పుస్తెలు, నల్లపూసలు అన్నీ ఉన్నాయి, అయినా బోసిగానే అనిపించింది. అలవాటు లేక అంతే.

17 సెప్టెంబరు

బంగ్లా దిక్కే కూరగాయలు అగ్గువకు దొరుకుతాయి. ఎట్లాగూ అటు పోయాను కదా అని లోపలికి పోయి చూసొచ్చాను. కావలి జానయ్య నన్ను గుర్తుపట్టి "మల్లొచ్చినవా అమ్మా?" అన్నాడు. సిగ్గేసింది.

24 సెప్టెంబరు

పిల్లకు కొత్త గౌను తొడగబోయాను. అలవాటు కొద్దీ ముందు దాన్ని నా మెడ దగ్గరికి తీసుకుపోయాను, తాకించడానికి. అక్కడ ఏమీ లేదు. పోనీలే, మంచిదే.

హాయిగా ఉంది.

5 అక్టోబరు

ఎంగిలిపూల బతుకమ్మ, పండగ మొదటి రోజు. వాడంతా పూలే.

సత్తమ్మ చివరి రోజు సద్దుల బతుకమ్మకు ముందే వస్తుంది. సోమమ్మ తల్లి ఆమె. మోత్కూరు అవతలి పల్లెలో గొర్లు కాసుకుని బతుకుతుంది. మొగుడు లేడు, ఇంకో సంతానం లేదు. ఏడాదికి రెండుసార్లు బస్సెక్కి మా ఇంటికి వస్తుంది. వస్తూనే ముందు చెయ్యి బిళ్ళ మీద పెడుతుంది, తర్వాత నా చెంప మీద. సోమమ్మకు ఫోటో తీయించిన వాళ్ళు లేరు. ఆమెకు బిడ్డ కనబడేది నా మెడలోనే.

నాకు అయిదేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. చిన్నమ్మ నన్ను తిట్టలేదు, కొట్టలేదు, బిడ్డా అని పిలవనూ లేదు. నన్ను మొదటిసారి బిడ్డా అన్నది సత్తమ్మే. నా పురిటికి వచ్చి నెలరోజులుండి నడుం కట్టి, నూనె రాసి, బాలింత కారం పెట్టింది. ఆ నెల్లో నేను ఎంత గారాలు పోయానో తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆమెకేం చెప్పాలి?

మా ఆయన్ని అడిగితే "బాగు చేయనీకి అవుసులాయన దగ్గర ఉందని చెప్పు. కొండి ఊడిందను" అన్నాడు. చెప్పడం నా వంతు, కచేరీకి పోవడం ఆయన వంతు.

10 అక్టోబరు

వచ్చింది.

వాకిట్లో నుంచే "లచ్చీ, బిడ్డా" అని కేక. నెత్తి మీద మూటలో తంగేడు పూలు, గునుగు పూలు, పిల్లకని మలీద ముద్దలు. మూట దించి నా దగ్గరికి వచ్చింది. చెయ్యి మెడ దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏది?"

"అవుసులాయన దగ్గరుందమ్మా. కొండి ఊడిపోయింది."

"గట్లనా. పా, పోయి చూసొద్దాం."

"ఇప్పుడే వచ్చినవు గదా. జర నీళ్ళు తాగు ముందు."

"చూసొచ్చి తాగుత. యాడుంటడు ఆయన?"

"దుకాణం మూసిండు... పండుగ గదా."

ఆమె నన్నే చూసింది. అబద్ధం ఆడేటప్పుడు నేను ముక్కు గోక్కుంటానట, పురిటి రోజుల్లోనే కనిపెట్టింది. గోక్కుంటున్నానని అప్పుడు తెలిసింది నాకు.

నీళ్ళ చెంబు ఇస్తే తీసుకోలేదు. లోపలికి రాలేదు. గడప బయట గోడకానుకుని కూర్చుంది, దారిన పోతూ కాసేపు ఆగిన మనిషిలాగా. పిల్ల పోయి ఒళ్ళో కూర్చుంటే తల నిమిరింది. "లోపలికి రా అమ్మా" అని నేను ఎన్నిసార్లు పిలిచానో.

"నా బిడ్డ లేని ఇంట్లకు నేనేమని రావాలె?" అంది. కోపంగా కూడా అనలేదు. నిజంగానే అడిగింది.

అప్పుడర్థమైంది నాకు. కత్తిపీట మీద నేను తెంపుకున్నది బిళ్ళ దారం ఒక్కటే కాదు. ఆ బిళ్ళ ఉంటేనే నేను ఆమెకు బిడ్డను. లేకపోతే ఎవర్ని నేను? ఆమె బిడ్డ జాగాలో వచ్చి కూర్చున్న పరాయి పిల్లను. ఎంత తెలివితక్కువ దాన్ని! ఏడ్చుకుంటూ అంతా చెప్పేశాను, బంగ్లా సంగతి, గాజు పెట్టె సంగతి.

"బతికే ఉన్నది గదా, కరిగియ్యలే గదా?" అంది. "పొద్దుగాల నన్ను తోలుకపో. తోలుకొచ్చుకుందాం."

మా ఆయన కచేరీ నుంచి వచ్చి, గడప బయట అత్తను చూసి, చెప్పులు విడవకుండానే నిలబడిపోయాడు.

11 అక్టోబరు

పోయి వచ్చాం. ఇప్పుడు రాయలేను.

12 అక్టోబరు

నేను అబద్ధం చెప్పలేదు.

13 అక్టోబరు

సద్దుల బతుకమ్మ. వాడలో పాటలు. షరీఫున్నీసా వచ్చి "ఏందే, ఆడనీకి పోతలేవా?" అంది. తలనొప్పి అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. తెలియదన్నాను, అంతే. తెలియదనడం అబద్ధం చెప్పడం ఎట్లా అవుతుంది?

14 అక్టోబరు

రాస్తాను. రాయకపోతే పిచ్చెక్కేట్టుంది.

ఆదివారం కాబట్టి ఆయన కూడా వచ్చాడు. రాకుండా ఉండలేకపోయాడు. దారి పొడవునా "అత్తా, ఊరికే చూసి వద్దాం, లొల్లి చెయ్యకు" అని బతిమాలుతూనే ఉన్నాడు. సత్తమ్మ దొర ఇల్లు చూడలేదు, తొట్టి చూడలేదు, పల్లకీ చూడలేదు. మెట్లు పట్టుకుని నేరుగా ఎక్కింది.

గదిలో జానయ్య పల్లెటూరి వాళ్ళకెవరికో చూపిస్తున్నాడు. "గిది రెండు నూర్ల ఏండ్ల నాటి అమ్మవారు. చేతులు పెట్టొద్దు, దూరంకెల్లి చూడుండ్రి."

"ఎన్నేండ్లు?" అంది సత్తమ్మ.

"రెండు నూర్లు."

"నా బిడ్డకు ఇర్వై రెండు గూడ నిండలే" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె వాళ్ళను తప్పించుకుని పెట్టె మీదికి వంగింది. వేలితో గాజు మీద కొట్టింది, తలుపు కొట్టినట్టు. "సోమీ, గీడున్నవా? గింత పెద్దింట్ల ఒక్కదానివే ఉన్నవా?" అంది. రొండిన దోపుకున్న కుంకుమ పొట్లం తీసి గాజు మీదే బొట్టు పెట్టింది. జానయ్య కేకలేశాడు. ఆ కేకలకు కింద నుంచి మ్యూజియం ఆఫీసరు అహ్మద్ అలీ పైకి వచ్చాడు. పెద్ద వయసేం కాదు, కళ్ళద్దాలు, మెత్తటి మనిషి.

"ఏమైందమ్మా?" అన్నాడు.

"గీమె నా బిడ్డ సారూ. కాన్పుల పోయింది. మా ఊరి అవుసులాయన ఎదురుంగ కూసోని చేయించిన. ముక్కు లావు చేసిండని వానితోని కొట్లాడిన గూడ. మా అల్లుడు తెలువక ఇచ్చిండు. మాది మాకియ్యుండ్రి, పోతం."

అహ్మద్ అలీ మా ఆయన వైపు తిరిగాడు. "కృష్ణయ్యా, ఇది మీ తాతల నాటిది అని కదా నువ్వు చెప్పింది? ఈమె ఎవరు?"

మా ఆయన మెడ మీద చెమట. "మా... మా ఊరామె సార్" అన్నాడు. అత్త అనలేదు.

సత్తమ్మ ఆయన వైపు చూడను కూడా లేదు. నా వైపు చూసింది. ఆమె చూసింది కాబట్టి ఆఫీసరూ చూశాడు. "నువ్వు చెప్పు చెల్లె. ఈమె చెప్పేది నిజమేనా?"

మా ఆయన చూపు నా మీదే. ఉద్యోగం పోతే, పిల్ల, ఇంటి కిరాయి, అన్నీ ఒక్కసారే తలలో తిరిగాయి. లేదు, అవేమీ తిరగలేదు. తిరిగాయని ఇప్పుడు రాసుకుంటున్నాను. భయం వేసింది, అంతే. పెద్దవాళ్ళు అడిగితే నాకు చిన్నప్పటి నుంచీ భయమే.

"నాకు తెల్వదు సార్" అన్నాను.

సత్తమ్మ కొంగు తీసి గాజు మీది కుంకుమ తనే తుడిచేసింది. మెట్లు దిగింది. నేను వెంట పడ్డాను. బస్టాండు దాకా "అమ్మా, అమ్మా" అంటూనే పోయాను. మోత్కూరు బస్సులో ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి నన్ను చూసింది.

"నీకు తెల్వదు గదా" అంది.

అంతే అంది. బస్సు పోయింది.

15 అక్టోబరు

దసరా. జమ్మి ఆకు తెచ్చి ఆయన నా చేతిలో పెట్టబోతే విసిరికొట్టాను. పండగ పూట చెయ్యకూడని పనే, చేశాను.

"నీ హెడ్డు గుమస్తా కోసం నా తల్లిని పోగొట్టినవు" అని అరిచాను. నా తల్లి అని నోటికి వచ్చింది, ఆలోచించి అనలేదు.

ఆయన మంచం మీద కూర్చున్నాడు. "హెడ్డు గుమస్తానా? ఆ జాగ మొన్న శ్రావణంలనే ఇంకొకనికి పోయింది. నీకు చెప్పలే."

"మరెందుకిచ్చినవు?"

చెప్పడం మొదలుపెట్టాడు, గోడతో చెప్పుకుంటున్నట్టు.

"ఆరేండ్లు. నీతోని మాట్లాడాలంటే ముందుగాల అదే కండ్లబడేది. నువ్వు నవ్వితె గూడ నా సూపు నీ మెడ మీదికే పోతుండె. సోమమ్మ పోయిన్నాడు నేను ఇంట్ల లేను. నొప్పులొస్తున్నయి, దవాఖానకు తోలుకపో అన్నది. ఇంకా దినాలున్నయి గదా అని పరీక్ష రాయనీకి హైదరాబాద్ పోయిన. వచ్చేటాలకు తల్లీ లేదు, పిల్లా లేదు. గా పరీక్షతోనే గీ కొలువొచ్చింది." తువ్వాల దొరక్క చొక్కాతోనే ముఖం తుడుచుకున్నాడు. "అవుసులాయనకిచ్చి కరిగిపిద్దామని రెండుసార్లు దుకాణం దాక పోయిన. చెయ్యి రాలే లక్ష్మీ."

"రెండు వందల ఏండ్లని ఎందుకు చెప్పినవు?"

"నిన్న మొన్నటిదంటే మూలకు పడేస్తరు. పాతదంటే పది కాలాలు అద్దంల పెట్టి కాపాడుతరని."

నాకు జాలి వేయాలి కదా? ముందు కోపమే వచ్చింది. ఆరేళ్ళు ఈ మనిషి నన్ను చూడలేదన్నమాట. నేను సవతిని మోస్తున్నానని ఏడ్చాను, ఆయన నన్ను చూడడానికే భయపడ్డాడు. మేమిద్దరం ఒకరికొకరు చెప్పుకుని ఉంటే ఎంత బాగుండేది! ఆ తర్వాత ఎప్పుడో జాలి వచ్చింది. పక్కన కూర్చున్నాను. విసిరేసిన జమ్మి ఆకు పిల్ల ఏరి ఇద్దరి చేతుల్లో పెట్టింది.

17 అక్టోబరు

నేను అబద్ధమే చెప్పాను.

18 అక్టోబరు

"నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అన్నాను.

"కొలువు మీదికి వస్తది."

"రానీ."

"మల్ల నీ మెడల కట్టుకుంటవా?"

కట్టుకుంటే ఆయనకు నరకం. కట్టుకోకపోతే నాకు తల్లి లేదు. ఆయన రోజంతా బావి దగ్గరే తిరిగాడు. సాయంత్రం వచ్చి "నేనే చెప్త" అన్నాడు.

19 అక్టోబరు

కచేరీకి సెలవు పెట్టి నాతో బంగ్లాకు వచ్చాడు. దొర రాత బల్ల మీదే ఇప్పుడు అహ్మద్ అలీ కూర్చుంటాడు. ఆ బల్ల ముందు నిలబడి మా ఆయన అంతా చెప్పాడు. పరీక్ష సంగతి కూడా చెప్పాడు. అది చెప్పనక్కరలేదు, అయినా చెప్పాడు.

"నేను కూడా చెప్పాలె సార్" అన్నాను. "ఆ రోజు తెల్వదన్న. తెలుసు నాకు. ఆరేండ్లు నా మెడలనే ఉండె. ఆ ముసలమ్మ మా అమ్మ."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దలకు చూపించిన. అందరూ తలకాయలూపిండ్రు. నేనూ ఊపిన. ఇప్పుడు వాళ్ళకేం చెప్పాలె?"

"సోమమ్మ అని చెప్పండి సార్."

నవ్వాడో, నిట్టూర్చాడో తెలియలేదు. "కృష్ణయ్యా, మీ పెద్ద సారుకు నేను చెప్పక తప్పదు."

"చెప్పండి సార్" అన్నాడు మా ఆయన.

ముగ్గురం మేడెక్కాం. జానయ్య తాళం తీశాడు. అహ్మద్ అలీ బిళ్ళను తీసి నాకివ్వబోయి, ఏమనుకున్నాడో మా ఆయనకిచ్చాడు. ఈయన అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. వేలితో ముఖం తుడిచాడు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. ఆ కాసేపు వాళ్ళిద్దరిదీ. నాకు ఈర్ష్య వేయలేదు అని రాద్దామనుకున్నాను గానీ, వేసింది. కొంచెమే.

23 అక్టోబరు

పెద్ద సారు పిలిచి చీవాట్లు పెట్టాడు. కొలువు నిలబడింది గానీ బదిలీ అయింది, మర్రిగూడ దిక్కు. అక్కడి నీళ్ళు తాగితే పళ్ళు పాడవుతాయట, కాళ్ళు వంకర పోతాయట. షరీఫున్నీసా విని "హాయ్ అల్లా, పిల్లకు వాన నీళ్ళు పట్టి తాగిపియ్యి" అని ఒక రాగి బిందె తెచ్చిచ్చింది.

మా ఆయన మాత్రం రెండు రోజులుగా అన్నం సరిగ్గా తింటున్నాడు.

25 అక్టోబరు

పిల్లను ఆయనకప్పజెప్పి ఒక్కదాన్నే పోయాను. మోత్కూరులో బస్సు దిగి నడక. ఇంతకు ముందు ఎప్పుడూ ఆ ఊరికి నేను పోలేదు. ఆమే వచ్చేది, నాకు పోవాలని తోచేది కాదు. దారి అడుక్కుంటూ, ముళ్ళు తీసుకుంటూ పోయేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

గొర్ల దొడ్డిలో ఉంది. ఒక గొర్రెపిల్లకు కాలు వాస్తే ఆకు నూరి కట్టు కడుతోంది. తడక దగ్గర నిలబడ్డాను.

"ఎవరు?" అంది, తల ఎత్తకుండా.

"నేనే. లచ్చిని."

కట్టు కడుతూనే ఉంది. పిల్ల కాలు విదిలిస్తే "ఆగవే" అని కసిరింది. ఆ కసురు నామీదనే అనుకుని నేనూ కదలకుండా నిలబడ్డాను.

"నాకు తెలుసమ్మా" అన్నాను. "ఆనాడే తెలుసు. భయమయ్యి తెల్వదన్న. ఆఫీసరుకు చెప్పినం, మీ అల్లుడే చెప్పిండు." కొంగు ముడి విప్పి చెయ్యి చాపాను. "తోలుకొచ్చిన."

గొర్రెపిల్లను వదిలి లేచింది. చేతులు కొంగుకు రుద్దుకుని, బిళ్ళ తీసుకుని, కళ్ళ దగ్గరగా పెట్టుకుంది. పెదాలు కదిలాయి, ఏమందో నాకు వినబడలేదు. సోమమ్మకు వినబడే ఉంటుంది.

నేను జుట్టు పక్కకు తీసి మెడ వంచాను. వచ్చేటప్పుడే అనుకుని వచ్చాను. మా ఆయనకూ చెప్పే వచ్చాను, కట్టించుకునే వస్తాను, నువ్వు నన్ను చూడడం నేర్చుకో అని. "కట్టమ్మా" అన్నాను.

కట్టలేదు. ఎంతసేపటికీ చెయ్యి నా మెడకు తగల్లేదు. తల ఎత్తి చూస్తే, తన మెడలో పూసల దండకే ఆ బిళ్ళ గుచ్చి ముడి వేసుకుంటోంది.

"అమ్మా, అట్ల కట్టుకోవద్దు గదా?"

"ఎవరన్నరు వద్దని? కన్నదాన్ని, నేను మోస్త. కోపమొస్తె నా మీదికే రమ్మను."

ఇంక నాకు అక్కడ పనేముంది? వంచిన మెడ ఎత్తాను. బోసి మెడ. ఇచ్చిపోవడానికి వచ్చిన మనిషిని, తెచ్చిచ్చాను, అయిపోయింది. తడక పట్టుకుని పోదామనే అనుకున్నాను. కానీ చిన్నపిల్లలా నోట్లోంచి ఊడిపడింది.

"మరి నేనో?"

సత్తమ్మ నా వైపు తిరిగింది. ముళ్ళు గీరిన నా కాళ్ళు చూసింది, దుమ్ము పట్టిన చీర అంచు చూసింది.

"దాన్నంటె మొయ్యాలె" అంది. "నిన్నెందుకు మొయ్యాలె బిడ్డా? నువ్వు నడిచొచ్చినవు గదా."

జొన్న అన్నం పెట్టింది. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.